అబ్బాయి ఇల్లు చూడటానికి డాన్యూబ్ ఒడ్డుకి

బెల్‌గ్రేడ్ చూడాలని నాకెప్పుడూ అనిపించలేదు. రిటైరయ్యాక వెళ్దామని రాసుకున్న ఊళ్లలో కాశీ ఉంది, రోమ్ ఉంది, కెనడాకి వచ్చి పక్కనే ఉన్నా ముప్పయ్యేళ్లలో చూడని క్విబెక్ కూడా ఉంది. బెల్‌గ్రేడ్ మాత్రం లేదు. మేం అక్కడికి వెళ్లింది ఊరు చూడటానికి కాదు, అబ్బాయి ఇల్లు చూడటానికి.

మా అమ్మాయి మేఘన టొరంటోకి గంట దూరంలోని వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఇరవై తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా తనతో పనిచేసే మార్కో అనే అబ్బాయిని ఇష్టపడుతోంది. మార్కోది సెర్బియా. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి వాటర్లూ పక్కనే ఉన్న కేంబ్రిడ్జ్‌లో ఒక గిడ్డంగిలో సూపర్‌వైజర్. అబ్బాయి మాత్రం పన్నెండో ఏడు వచ్చేదాకా నానమ్మ దగ్గరే, బెల్‌గ్రేడ్‌ను ఆనుకుని డాన్యూబ్ ఒడ్డున ఉన్న జెమూన్ అనే పాత పేటలో పెరిగాడు. పెళ్లి మాట ఎత్తితే వాళ్ల నాన్న రెండు చేతులూ ఎత్తేశాడు. "మా ఇంటికి పెద్ద మా అమ్మే. ఏదైనా ఆవిడతోనే మాట్లాడండి" అన్నాడు.

నాకు అభ్యంతరం లేదు. ఉద్యోగమంతా కారు విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేసినవాణ్ణి. వస్తువు బాగుంటే స్టాంపు కొట్టి పక్కన పెట్టేస్తాను. మా ఆవిడ పద్మ అలా కాదు. వస్తువు బాగుంటే సరిపోదు, అది తయారైన చోటు కూడా చూడాలి.

"కుర్రాడు మంచివాడే. ఎవరు కాదన్నారు?" అంది. "కాని రేపు దీనికి ఏదైనా కష్టమొస్తే, మనం లేనప్పుడు, వెళ్లి కూర్చోడానికి అటువైపు ఒక ఇల్లుండాలి. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఆ ఇల్లు చూశాకే నా మాట."

"అమ్మా, ఆ ఇల్లు సెర్బియాలో ఉంది" అంది మేఘన.

"విమానాలు లేవా?"

మేఘన కాసేపు నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. "సరే, వెళ్లి చూడు. నచ్చకపోతే డైరెక్ట్‌గా చెప్పు. నువ్వు లోపల ఏడుస్తూ పైకి అక్షింతలు వేసే పెళ్లి మాత్రం నాకొద్దు. అలాగైతే అసలు చేసుకోను" అంది. అది బెదిరింపు కాదు. మా పిల్ల సంగతి నాకు తెలుసు, అన్నంత పనీ చేస్తుంది. అందుకని సెప్టెంబరులో ఒక గురువారం మేమిద్దరం సెర్బియా బయల్దేరాం. కెనడా పాస్‌పోర్టుకి అక్కడ వీసా అక్కర్లేదు.

మిల్టన్‌లో మా ఇంటి దగ్గర మధ్యాహ్నం మూడుంపావుకి టాక్సీ వచ్చింది. సూట్‌కేసులు దించే హడావిడిలో నా చేతిలో కాఫీ గుమ్మం ముందు ఒలికింది. మేం టాక్సీ ఎక్కగానే మేఘన బకెట్టుతో నీళ్లు తెచ్చింది. పద్మ అద్దం దించి ఒక్క కేక పెట్టింది.

"ఒసేయ్, ఆగు! మేం వెళ్లాక అరగంట ఆగి కడుగు!"

ఇది మా ఇంట్లో చట్టం. మనిషి గడప దాటాక అరగంట దాకా ఊడవకూడదు, కడగకూడదు, తలంటు పోసుకోకూడదు. మనిషి వెళ్లగానే వాకిట్లో నీళ్లు పొయ్యడం ఒక్కప్పుడే చేస్తారు, ఆ మనిషిని నలుగురు మోసుకెళ్లినప్పుడు. పద్మ వాళ్ల అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిన చట్టమిది. కెనడా వచ్చాక చీపురు పోయి వాక్యూమ్ క్లీనర్ వచ్చింది గాని చట్టం మారలేదు.

టొరంటోలో విమానం సాయంత్రం ఆరూ ఇరవైకి. ఏడున్నర గంటల ప్రయాణం. శాకాహారం ముందే అడిగి పెట్టుకుంటే పప్పూ అన్నం పెట్టారు. ఉదయం ఎనిమిదింటికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, పదిన్నరకు ఇంకో చిన్న విమానం ఎక్కాం. పక్క సీట్లో తెల్ల మీసాల పెద్దమనిషి. హామిల్టన్‌లో ఉంటాడట, సొంతూరు వెళ్తున్నాడు. బెల్‌గ్రేడ్‌లో ఏం పని అని అడిగితే, దాచడం చేతకాక, ఉన్నమాట చెప్పాను. ఆయన సీట్లోంచి సగం లేచాడు.

"ఇల్లు చూడటానికా? మా తాత కూడా మా నాయనమ్మ వాళ్ల ఇల్లు చూడటానికి వెళ్లాడు. ఆవుల్ని లెక్కపెట్టి వచ్చాడు" అన్నాడు.

పద్మ నా వైపు చూసి, "చూశారా, లోకంలో నేనొక్కదాన్నే కాదు" అంది.

పన్నెండూ ఇరవైకి బెల్‌గ్రేడ్‌లో దిగాం. కొద్దిగా దినార్లు విమానాశ్రయంలోనే మార్చుకున్నాను. చిన్న కొట్లలో కార్డు నడుస్తుంది గాని, కూరగాయల బజారులో నడవదు. బయట 72 నంబరు బస్సు ఎక్కి టికెట్ ఎక్కడ కొనాలని అడిగితే డ్రైవరు లోపలికి పొమ్మని చెయ్యి ఊపాడు. ఈ ఊళ్లో సిటీ బస్సులు, ట్రాములు ఇప్పుడు ఊరికే తిరుగుతున్నాయి, ఎవరికీ టికెట్ లేదు. నాకు నమ్మకం కుదరక రెండోసారి అడిగాను. రెండోసారి చెయ్యి ఇంకొంచెం విసురుగా ఊపాడు. సగం దారిలో బస్సు మారి రెండింటికల్లా జెమూన్ చేరాం.

బస నది ఒడ్డునే, ఒక పాత ఇంట్లో రెండో అంతస్తు గది. రోజుకి నలభై యూరోలు. లిఫ్టు లేదు. కిటికీ తెరిస్తే డాన్యూబ్. నీలంగా ఉంటుందని ఎవరో చెప్పగా విన్నాను. కాదు, బూడిద కలిసిన ఆకుపచ్చ. రాజమండ్రిలో పుట్టినవాడికి ఏ నది చూసినా ముందు వెడల్పు కళ్లతో కొలుచుకోవడం అలవాటు. మా గోదావరి ముందు నిలవదు గాని తీసిపారేసే నది కాదు. ఆవలి వైపు అంతా చెట్లు నిండిన లంక. ఇళ్లు లేవు, మనుషులు లేరు. రాజధాని నడుమ అంత అడవి అలా వదిలేసినందుకు ఆశ్చర్యపోయాను.

సాయంత్రం అయిదింటికి దేసంక గారింటికి వెళ్లాం. ఆవిడే మార్కో నానమ్మ. వయసు డెబ్బై తొమ్మిది. గార్దోష్ అనే గుట్ట మీదికి రాళ్లు పరిచిన సన్నటి సందులో ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిదానంగా వెళ్లండి, రాళ్లు నున్నగా జారతాయి. ఆకుపచ్చ గేటు, పైన ద్రాక్ష పందిరి, లోపల రెండు గదుల ఇల్లు. సందంతా ఏదో కాలుతున్న కమ్మటి వాసన.

దేసంక గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. పొట్టి మనిషి, ముదురు నీలం గౌను, తలకి రుమాలు. ఆవిడకి సెర్బియన్ తప్ప ఏదీ రాదు. అందుకని పక్కింటి స్తేవన్ గారిని పిలిపించి పెట్టారు. ఆయన నలభై ఏళ్లు డాన్యూబ్ మీద సరుకు పడవలు నడిపిన కెప్టెన్. ఆయన ఇంగ్లీషంతా రేవుల్లో నేర్చింది. "వెల్‌కమ్ ఎబోర్డ్" అని చెయ్యి కలిపాడు.

పద్మ తనిఖీ మొదలైంది. మా ఫ్యాక్టరీలో ఇంత జాగ్రత్తగా చూసే ఇన్‌స్పెక్టరు ఒక్కడుంటే నేను మరో అయిదేళ్ల ముందే రిటైరయ్యేవాణ్ణి. గుమ్మంలో చెప్పులు విప్పమన్నారు, ఇంట్లో తొడుక్కోడానికి మెత్తటి చెప్పులిచ్చారు. మంచిదే. తూర్పు గోడకి దేవుడి పటం, దాని ముందు ఎర్ర గాజు ప్రమిదలో నూనె దీపం. పద్మ నన్ను మోచేత్తో పొడిచింది. మేం తెచ్చిన వెండి కుంకుమ భరిణె ఇస్తే దేసంక గారు అదేమిటని అడగలేదు. కళ్లకద్దుకుని ఆ దీపం పక్కన పెట్టారు.

తర్వాత ఒక పళ్లెంలో చెర్రీ పండ్ల పాకం, చెంచాలు, గ్లాసుల్లో నీళ్లు వచ్చాయి. ఇంటికొచ్చినవాళ్లకి ముందు ఇదే పెడతారట. ఒక చెంచా పాకం తిని, నీళ్లు తాగి, ఆ చెంచా ఖాళీ గ్లాసులో వేసెయ్యాలి.

"ఎంగిలి చెంచా మళ్లీ గిన్నెలో పెట్టరు, చూశారా" అంది పద్మ తెలుగులో. "మన వదినగారింట్లో కంటే నయం."

ఆ రోజు శుక్రవారం. దేసంక గారికి బుధ, శుక్రవారాలు ఉపవాసం. ఉపవాసమంటే తినకపోవడం కాదు, మాంసం, పాలు, గుడ్లు ముట్టకపోవడం. ఉల్లిపాయలతో కుండలో కాల్చిన చిక్కుడు గింజలు, రొట్టె, ఎర్ర మిరప పచ్చడి పెట్టారు. శాకాహారులకి ఇక్కడ పనికొచ్చే మాట ఒకటుంది, "పోస్నో". హోటల్లో ఆ మాటంటే ఉపవాసపు తిండి పెడతారు. చేప కూడా ఆ లెక్కలోకే వస్తుంది, కాబట్టి చేప వద్దని విడిగా చెప్పుకోవాలి.

ఎర్ర మిరప పచ్చడి పేరు అయివార్. శనివారం ఉదయం తొమ్మిదింటికి దాని తయారీకి మమ్మల్నీ రమ్మన్నారు. సందులో వాసనకి కారణం అప్పుడు తెలిసింది. సెప్టెంబరులో ఇంటింటా పెరట్లో ఇనప పొయ్యి పెట్టి, చేతి వెడల్పు ఎర్ర మిరపకాయలు కాలుస్తారు. అవి కారం ఉండవు. కాల్చి, మూతపెట్టి మగ్గనిచ్చి, తొక్క తీసి, నలగ్గొట్టి, నూనె పోసి గంటల తరబడి కలుపుతూ ఉడికించి, సీసాల్లో ఏడాదికి సరిపడా నింపుతారు. మన ఆవకాయ రోజుల హడావిడే అనుకోండి. పద్మ చీర కుచ్చెళ్లు ఎగదోపి కూచుంది. ఆవిడ సెర్బియన్‌లో, ఈవిడ తెలుగులో మాట్లాడుకుంటూనే పోయారు. "నూనె చాలదు అమ్మగారూ, పైకి తేలాలి" అంటే ఆవిడ ఇంకాస్త నూనె పోశారు. ఎలా అర్థమైందో నాకు తెలియదు. కెప్టెన్‌కీ నాకూ పని లేక ద్రాక్ష పందిరి కింద కూచున్నాం.

తొక్కలు తీస్తూ తీస్తూ పద్మ కెప్టెన్‌ను పిలిచింది. "ఈ ఒక్క మాట సరిగ్గా చెప్పండి" అని నాతో ఇంగ్లీషులో చెప్పించింది. "మా అమ్మాయి ఎప్పుడైనా ఏడుస్తూ ఈ ఇంటికొస్తే మీరేం చేస్తారు?"

ఇంతదూరం వచ్చింది ఈ ప్రశ్న కోసమే. దేసంక గారు చేతిలో మిరపకాయ కింద పెట్టారు. తొందరపడకుండా చెప్పారు. కెప్టెన్ ఒక్కో ముక్కా అందించాడు.

"ముందు అన్నం పెడతాను. ఆ తర్వాత ఎవరు ఏడిపించారని అడుగుతాను. నా మనవడే అని చెబితే, అదిగో, గోడకి తగిలించిన అప్పడాల కర్ర వాడికోసం ఉంది. నిజానికి వాడికి తెలుసు, ఇదివరకు రుచి చూశాడు."

పద్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని స్టాంపు పడిపోయిందనుకున్నాను.

ఆ మధ్యాహ్నం నిశ్చింతగా 84 నంబరు బస్సులో పెద్ద ఊళ్లోకి వెళ్లి కాలెమెగ్దాన్ కోట చూశాం. ప్రవేశం ఉచితం. కోట గోడ చివర నిలబడితే కింద సావా నది వచ్చి డాన్యూబ్‌లో కలుస్తుంది. రెండు నీళ్ల రంగులూ కొంతదూరం విడివిడిగా పోయి, తర్వాత కలిసిపోతాయి. ఎందరో రాజులు ఈ గుట్ట కోసం కొట్టుకున్నారని పలకల మీద రాసి ఉంది. ఎండ తగ్గాక, అయిదు తర్వాత వెళ్లడం మంచిది. గోడలకి చాలాచోట్ల కంచె లేదు, పిల్లలున్నవాళ్లు చెయ్యి వదలకండి.

ఆదివారం ఉదయం కెప్టెన్ మమ్మల్ని గార్దోష్ గుట్ట మీది ఇటుక గోపురం ఎక్కించి, తర్వాత ఒడ్డు వెంట నడిపించాడు. రేవు దగ్గర పద్మ పర్సులోంచి ఒక కెనడా డాలరు నాణెం తీసి, కళ్లకద్దుకుని డాన్యూబ్‌లో వేసింది. కెప్టెన్ ఉలిక్కిపడ్డాడు.

"పడిందా, వేశారా?"

"వేసింది. మా ఊళ్లో రైలు గోదావరి దాటుతుంటే అందరూ వేస్తారు. నది అమ్మవారు కదా" అన్నాను.

"నలభై ఏళ్లు ఈ నది మీద బతికాను. నేనెప్పుడూ దీనికి చిల్లిగవ్వ ఇవ్వలేదు" అని ఆయన కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

సాయంత్రం అయిదింటికి చివరిసారి దేసంక గారింటికి వెళ్లాం. కాఫీ ఇచ్చారు. మేఘనకి తానే అల్లిన ఉన్ని మేజోళ్లు, మాకు రెండు సీసాల అయివార్ ఇచ్చారు. పద్మ వంగి కాళ్లకి దండం పెట్టబోతే ఆవిడ కంగారుపడి పట్టుకుని రెండు బుగ్గల మీదా మూడుసార్లు ముద్దుపెట్టారు. "వెళ్లొస్తాం అమ్మగారూ" అంది పద్మ. కెప్టెన్ అప్పటికే కూతురింటికి వెళ్లిపోయాడు. ఇదే మా కొంప ముంచింది.

గేటు దాటి పది అడుగులు వేశామో లేదో, వెనక నీళ్ల చప్పుడైంది. ఇద్దరం తిరిగాం. దేసంక గారు గుమ్మంలో నిలబడి, పెద్ద జగ్గుతో నీళ్లు మేం ఇప్పుడే దాటిన చోట గుమ్మరిస్తున్నారు. సగం పోసి ఆపలేదు, జగ్గు తలకిందులు చేశారు. ఆ నీళ్లు రాళ్ల సందుల్లోంచి వాలులో జారుతూ వచ్చి పద్మ చెప్పుల మడమలు తడిపాయి. ఆవిడ నవ్వుతున్నారు, చెయ్యి ఊపుతున్నారు.

పద్మ చెయ్యి ఊపలేదు. గిరుక్కున తిరిగి, ఆ జారుడు రాళ్ల మీద నాకంటే ముందే కిందికి దిగిపోయింది.

గదికి వచ్చాక మంచం మీద కూచుని చెప్పులు చూసుకుంది.

"పీడా పోయిందనుకుంది" అంది.

"అలా ఎందుకనుకుంటావు? మరో కారణం ఉండొచ్చు."

"గడప దాటిన మనుషుల వెనక నీళ్లు పొయ్యడానికి ఎన్ని కారణాలుంటాయండీ? నవ్వుతూ పోసింది కూడా. నాతో మిరపకాయలు ఒలిపించుకుని, బుగ్గలు ముద్దుపెట్టుకుని, వాకిలి కడిగేసుకుంది. దండాలన్నీ పైపైనే."

"రేపు పొద్దున్న కెప్టెన్‌ను అడుగుదాం."

"ఏమని అడుగుతారు? మేం చచ్చామా అనా?"

 నిజం చెప్పాలంటే నాకూ చురుక్కుమంది. ముప్పయ్యేళ్లు పద్మ చట్టాన్ని వెటకారం చేసినవాణ్ణే, అయినా ఆ చప్పుడు వినగానే మా నాన్న పోయిన రోజు వాకిలి గుర్తొచ్చింది. పద్మ ఫోన్ తీసి మేఘనకి చేయబోయింది. "ఇల్లు చూశాను, నా మాట అయిపోయింది" అని చెప్పేస్తానంది. బతిమాలి ఆపాను. ఇలాంటివి ఫోన్లో చెప్పకూడదు, ఇంటికెళ్లాక ఎదురుగా కూచోబెట్టి చెబుదాం అన్నాను. అయివార్ సీసాలు బల్లమీదే వదిలెయ్యమంది. నేను తువ్వాళ్లలో చుట్టి సూట్‌కేసులో పెట్టాను.

నాకు భయం వేసింది. పద్మ కాదంటే మేఘన మార్కోని వదిలేస్తుంది, మాతో ఒక్క మాటా అనదు, ఆ తర్వాత ఎన్నేళ్లయినా మా ఇంటికి నవ్వుతూ రాదు. అది నాకు అప్పుడే కళ్లకి కట్టినట్టు కనిపించింది.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు విమానం. కెప్టెన్ ఇంకా రాలేదు. అయిదింటికే గది ఖాళీ చేసి, దారిలో మారి 72 ఎక్కాం. పద్మ కిటికీ పక్కన కూచుంది. మూడో స్టాపులో ఒక అమ్మాయి పెద్ద సూట్‌కేసుతో ఎక్కింది. పాతికేళ్లుంటాయి. కింద వాళ్లమ్మ నిలబడి ఏడుస్తోంది. బస్సు కదలగానే ఆ తల్లి సంచీలోంచి నీళ్ల సీసా తీసి, మూత తిప్పి, బస్సు వెనక రోడ్డు మీద గుమ్మరించింది. మొత్తం సీసా.

పద్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏమండీ, కన్నకూతురి వెనకే పోసింది!"

ఆ అమ్మాయి మా ఎదుటి సీట్లో కూచుని ముక్కు తుడుచుకుంటోంది. పద్మ మొహమాటపడే మనిషే, కాని అప్పుడు ఆగలేదు. ఇంగ్లీషులో అడిగేసింది. "అమ్మాయ్, మీ అమ్మ నీళ్లెందుకు పోసింది?"

ఆ పిల్ల వెనక్కి చూసి, ఏడుపులోనే నవ్వింది. "మళ్లీ పోసిందా? నాకు వియన్నాలో కొత్త ఉద్యోగం. ఇంటి దగ్గర ఒకసారి పోసింది, నా షూ తడిసిపోయాయి. ప్రయాణం నీళ్లలా సాఫీగా సాగిపోవాలని అలా పోస్తారు. పరీక్షకెళ్లేటప్పుడు, పెళ్లికెళ్లేటప్పుడు, దూరం వెళ్లేటప్పుడు. మళ్లీ అదే దారిన ఇంటికి రావాలని కూడా అంటుంది మా అమ్మమ్మ."

"ఇంటికొచ్చిన చుట్టాలకీ పోస్తారా?"

"చుట్టాలకా?" ఆ పిల్ల ఆలోచించింది. "మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. చుట్టాలకి ఇంత సారా పోసి టాటా చెబుతాం. నీళ్లు మా వాళ్లకే."

పద్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. రెండు స్టాపులు దాటాక కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాను.

"పాపం ఆ పెద్దావిడ చెయ్యి ఊపుతూనే ఉంది" అంది. "నేను తిరిగి చూడను కూడా లేదు. ఎంత నొచ్చుకుందో. వెనక్కి వెళ్దామా?"

వాచీ చూశాను. ఆరుంపావు. వెళ్లి గుట్ట ఎక్కి దిగి రావడానికి కనీసం రెండు గంటలు. కుదరదన్నాను. ఈ ప్రయాణంలో సమయం సరిగ్గా లెక్కగట్టినందుకు నన్ను నేను తిట్టుకున్నది అప్పుడొక్కసారే.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి టొరంటో దాకా పద్మ నిద్రపోలేదు. నేను ఈ రాతకి కొన్ని గుర్తులు రాసుకున్నాను. బెల్‌గ్రేడ్ వెళ్లదలచినవాళ్లకి నాలుగు రోజులు చాలు. మంచి చెప్పులు తీసుకెళ్లండి. జెమూన్‌లో దిగితే నది దగ్గర, ఖర్చు తక్కువ. ఊరు అందంగా ఉందా అంటే, గోడలు పెచ్చులూడి ఉన్నాయి, కాలిబాట మీద కార్లు ఎక్కించి ఆపుతారు. మనుషులు మొదట మొహం ముడుచుకుని కనిపిస్తారు, కుర్చీ వేసి కూచోబెట్టాక లేవనివ్వరు. తెలియనిది కనిపిస్తే ఆ నిమిషమే అడగండి, గదికి వెళ్లి అర్థాలు వెతుక్కోవద్దు. ఇంతకంటే పనికొచ్చే సలహా నా దగ్గర లేదు.

టొరంటోలో మధ్యాహ్నం మూడూ నలభైకి దిగాం. మేఘన, మార్కో ఇద్దరూ వచ్చారు. కార్లో మార్కో అద్దంలో పద్మని చూసి, "ఆంటీ, మా నానమ్మ ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది నాయనా. మోకాళ్లే కొంచెం" అంది పద్మ, అంతే. మేఘన వెనక్కి తిరిగి నా మొహం చూసింది. నేను కిటికీలోంచి చూశాను. చెప్పాల్సింది నేను కాదు.

మిల్టన్‌లో ఇంటికొచ్చి కాఫీ తాగాం. అయివార్ సీసా తెరిచి రొట్టెతో పెట్టింది పద్మ. మార్కో ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఈసారి నూనె ఎక్కువ పడింది" అన్నాడు. "నేనే పొయ్యమన్నాను" అంది. ఆరింటికి లేచాడు. మర్నాడు ఆఫీసుంది, వాటర్లూ వెళ్లాలి. మేఘన ఆ రాత్రికి మా దగ్గరే ఉండిపోయింది. గుమ్మంలో అతను ఒక్క క్షణం ఆగాడు. అడగాలనుకుని అడగలేక, "గుడ్ నైట్ ఆంటీ, గుడ్ నైట్ అంకుల్" అని వెళ్లి కారెక్కాడు.

కారు డ్రైవ్‌వేలోంచి వెనక్కి వచ్చి రోడ్డెక్కింది. అప్పుడు పద్మ వంటింట్లోకి పోయి స్టీలు చెంబు నిండా నీళ్లతో వచ్చింది. గుమ్మం బయట నిలబడింది.  వాళ్ల అమ్మమ్మ చెయ్యొద్దన్న పని, అరవై ఏళ్లు చెయ్యని పని. కళ్లు మూసుకుని చెంబు వంచేసింది. నీళ్లు డ్రైవ్‌వే మీద పరుచుకుని రోడ్డు దాకా పోయాయి.

కారు బ్రేకు లైట్లు వెలిగాయి. నడిరోడ్డు మీద ఆగింది. మార్కో దిగాడు, తలుపు కూడా వెయ్యలేదు. ఆ తడి వైపు చూశాడు, చెంబు వైపు చూశాడు. అంత పొడుగు మనిషి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు. అక్కడ అర్ధరాత్రి అయి ఉంటుంది, అయినా ఆవిడ ఎత్తినట్టున్నారు. అతను రోడ్డు మధ్య నిలబడి తన భాషలో గడగడా ఏదో చెబుతుంటే మధ్యలో "ఆంటీ" అన్న మాట ఒక్కటే నాకు తెలిసింది.

"అమ్మా!" అంది మేఘన, నిర్ఘాంతపోయి. "నీళ్లెందుకు పోశావు? అతనెందుకు ఏడుస్తున్నాడు? నువ్వేం చెప్పావసలు?"

"వెళ్లి రమ్మన్నాను" అంది పద్మ.

ఆ సాయంత్రం రొట్టె ముక్కలన్నీ గుమ్మం దాకా రాలి ఉన్నాయి. మేఘన చీపురు తీసుకొస్తే పద్మ లాగేసుకుంది. నీళ్ల సంగతి వేరు, చీపురు సంగతి వేరు, అరగంట ఆగమంది.